లారీ అద్దం మీద అమ్మవారు

అన్నా,

డ్యూటీ దిగి వస్తున్న నిన్ను మలుపులో బొగ్గు లారీ గుద్ది చంపి నేటికి ఏడాది. ముందు అద్దం మీది అమ్మవారి స్టిక్కర్ అడ్డొచ్చి నువ్వు కనబడలేదన్నాడు డ్రైవర్. దాన్ని అక్కడ అంటించింది నేనే, లారీ సేటు చూపించిన చోట.

ఈరోజు అదే సేటు నా స్టిక్కర్ల కొట్టుకు లారీతో వచ్చి ఇంకా పెద్ద బొమ్మ తెచ్చాడు. "గంత ప్రమాదమైనంక అమ్మవారు నడుమల్నే ఉండాలె," అన్నాడు. సిగ్గుండాలి మనిషికి! ఒళ్లు మండిపోయింది నాకు. నీళ్లలో నానబెట్టి నడుమనే అంటించాను. తడి ఆరకముందే, ఆయన కళ్లముందే, అరచేత్తో పై మూలకు తోశాను.

"ఏందిరా, అమ్మవారిని మూలకు తోస్తవా?"

"మూలకున్నా అమ్మవారే, సేటూ. తొవ్వల మనిషి కనవడాలె."

జానెడు జరిగింది, అన్నా. అప్పుడూ జానెడే జరపాల్సింది.