రెండో దర్వాజా దాకా

దసరా వెళ్ళిన ఆదివారం, రాత్రి

ఎక్కాను! పోయినేడు ఆయాసంతో దవాఖానలో పడి ఉన్న నేనే, ఈరోజు ఖిల్లా గుట్ట కొస దాకా ఎక్కాను. "నీతోని గాదు వదినా" అన్న ఆడబిడ్డకు రేపు పొద్దున్నే చెప్పాలి. దారిలో కండ్లు విచ్చిన సీతాఫలాలు కూడా నేనే తెంపాను.

మా ఆయన మాత్రం రెండో దర్వాజా దగ్గరే ఆగిపోయారు. "నువ్వు పోయి రా. నేను జరసేపు గీడ్నే కూసొని చెరువు చూస్త" అన్నారు. పెళ్లయిన కొత్తలో నా చేయి పట్టుకుని ఇదే గుట్ట మీదికి ఉరికించిన మనిషి! నాకు నవ్వొచ్చింది. "సరే, మంచిగ చూడుండ్రి" అని వచ్చేశాను.

పైన గాలి ఎంత బాగుందో. చెరువు అలుగు దాకా నిండింది, దాని కింద వరి పసుపు తిరుగుతోంది. ఆయన్ను కేకేద్దామని కిందికి వంగి చూశాను. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆయన ముందు ఎత్తైన కోట గోడ. అక్కడి నుంచి చెరువు కనిపించనే కనిపించదు.

దిగేటప్పుడు పండ్ల సంచి ఆయన చేతికి ఇవ్వలేదు.

ఆడబిడ్డ సంగతి తర్వాత. రేపు దవాఖానకు ఆయన్ను నేనే తీసుకుపోతాను. "యాడికి?" అంటే, చెరువు చూడనీకి అంటాను.