మన్సూరాబాద్‌లో ఆపిన క్రేన్

మల్లేశన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాగోల్ అపార్ట్‌మెంట్ పనిలో క్రేన్ కొక్కేనికి తగిలించిన బెల్టు తెగి ఇనుప కడ్డీల కట్ట నీ మీద పడినప్పుడు క్రేన్ నడిపింది నేనే. బెల్టు అంచు చిరిగిందని ఆ పొద్దున్నే నువ్వు చెప్పావు. "ఈ ఒక్కసారికి కానియ్యి" అన్నాడు సూపర్‌వైజర్. నేను కాదనలేదు.

ఇవాళ మన్సూరాబాద్‌లో పని. కడ్డీలు లేపే ముందు కిందికి దిగి బెల్టు తడిమి చూశాను. ఒకచోట కుట్లు ఊడి ఉన్నాయి. క్రేన్ ఆపేశాను.

"ఏందిరా, స్లాబ్ పని ఆగుతది. జర లేపు!" అని అరిచాడు ఇక్కడి సూపర్‌వైజర్.

"కొత్త బెల్టు తెప్పియ్యుండ్రి సార్. అప్పటిదాక నేను లేపను."

పనిలోంచి పొమ్మంటాడనుకున్నాను. ఇంతలో నీలాగే కట్టలకు బెల్టు తగిలించే కూలీలిద్దరూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయన కాసేపు మా ముగ్గురినీ చూసి, దిల్‌సుఖ్‌నగర్‌లోని దుకాణానికి ఫోన్ చేశాడు. గంటలో కొత్త బెల్టు వచ్చింది.

సాయంత్రం మీ ఇంటికెళ్లి వదినకు అంతా చెప్పాను.

"ఆ ఇద్దరు మంచిగ ఇండ్లకు పోయిండ్రా?" అని మాత్రం అడిగింది.

"పోయిండ్రు వదినా" అన్నాను.