ఐసు చూసే చేయి

మే 9

నాయనకు జాఫర్ సలాం.

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని ఫిర్దోస్ నవ్వుతుందేమో, నవ్వనీ. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఈ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. ఫోన్ చేస్తే నువ్వు "తిన్యావా?" అంటావు, నేను "తిన్యా" అంటాను, అంతటితో మన మాటలు అయిపోతాయి. అందుకని నాతో పనిచేసే మైదుకూరు నయీం సెలవు మీద వస్తుంటే అతని చేతికి ఇచ్చాను. నీకు చదువు రాదు కాబట్టి చెల్లెలే చదివి వినిపించాలి. అమ్మ దగ్గర లేనప్పుడు చదవమను.

నీ మీద నాకు కోపంగా ఉంది నాయనా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది రాయడం సులువు.

"మా వాడు ఎడారిలో మంచు కురిపిస్తాండాడు" అని ప్రొద్దుటూరంతా చెప్పుకుంటున్నావట. నిజమే, కురిపిస్తున్నాను. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ. లోపల నాలుగు సినిమా హాళ్లు కలిపినంత షెడ్డు, అందులో కొండ వాలు మాదిరి కట్టారు. జనం కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని దాని మీద జారుతారు. అదొక ఆట. ఆ వాలుకు మంచు కావాలి. నీళ్లనూ గాలినీ గొట్టాల్లోంచి బలంగా చిమ్మితే, లోపలి చలికి తుంపర గడ్డకట్టి పొడిపొడిగా రాలుతుంది. నీళ్లు ఎక్కువైతే ముద్ద, తక్కువైతే దుమ్ము. జారేవాళ్లకు కొత్త కోట్లు, ఉన్ని టోపీలు. వాళ్లు వాడి చిరిగినవి మాకు. టికెట్ కొనుక్కుని మరీ వణికే జనాన్ని చూస్తే మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

మంచు పదును చూడడానికి ఇక్కడ మీటర్లున్నాయి. కానీ నాకు నువ్వు నేర్పిన విద్య ఒకటుంది కదా. ఐసు ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ల తొట్టిలోంచి డబ్బాలు పైకి లాగి దిమ్మలు బయట పడేశాక, నువ్వు కొక్కెంతో ఒక్కసారి తట్టేవాడివి. ఆ తర్వాత ఒట్టి అరచేయి పెట్టేవాడివి. "చెయ్యి అంటుకుంటే ముదిరినట్టు, జారితే పచ్చిది. ఐసును చేత్తో చూడల్ల రా, మిషన్‌కేం తెలుస్తాది" అనేవాడివి. శ్రావణ శనివారం గండి తిరునాళ్లకు పోయే లారీ అయినా, పులివెందుల పెళ్లికి పోయే ఆటో అయినా నీ చేయి పడందే దిమ్మ కదిలేది కాదు. ఫ్యాక్టరీ సేటు నీ చేయి పైకెత్తి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. పన్నెండేళ్లవాణ్ణి, దిమ్మలు కరగకుండా కప్పే ఆ వరి పొట్టు కుప్పల పక్కన నిలబడి ఎంత గర్వపడ్డానో నీకు తెలియదు.

ఇక్కడ చేరిన మొదటి వారమే గ్లౌజు తీసి గుప్పెడు మంచు పిండి చూశాను. "నీళ్లెక్కువ" అన్నాను. అదే మాట చెప్పడానికి మీటరుకు ఇంకో పావుగంట పట్టింది. అంతే, మేనేజరుకు నా చేయి దొరికింది. రోజుకు ముప్పై సార్లు "జాఫర్, చేయి పెట్టు." హెడ్డాఫీసు వాళ్లు వస్తే "గ్లౌజులు తీసి చూపించు." వీడియో కూడా తీశారు. అందులో నేను పళ్లికిలించి ఒట్టి చేత్తో మంచు పిండుతుంటాను. టికెట్ కౌంటరు పైన టీవీలో అది ఇప్పటికీ పొద్దస్తమానం ఆడుతోంది.

ఇట్లా రెండేళ్లు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదట తెల్లబడ్డాయి. తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత నలుపు. పోయిన నెల రెండింటినీ మొదటి కణుపు దాకా తీసేశారు. వీడియో కాల్‌లో కుడిచేయి జేబులో పెట్టుకుని మాట్లాడింది ఇందుకే. "ఏంది రా, దొర మాదిరి నిలబడుకోనుండావు" అని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

ఇప్పుడు కంపెనీ నా ముందు ఒక కాగితం పెట్టింది. చెప్పినా వినకుండా గ్లౌజులు తీసి పనిచేశాను, ఈ గాయానికి నేనే బాధ్యుణ్ణి, కంపెనీకి ఏ సంబంధమూ లేదు అని అందులో ఉంది. సంతకం పెడితే మర్నాడే ఇంటికి పంపిస్తారట. పెట్టకపోతే గొడవ తేలేదాకా పని లేకుండా ఇక్కడే పడి ఉండాలట. నెలాఖరు దాకా గడువు. చెప్పినా వినకుండానట! గ్లౌజు తీయించి నా చేయి మంచులో పెట్టించినవాళ్లే ఈ మాట రాశారు. చదవగానే ఆ కాగితం చించి వాళ్ల మొహాన కొట్టాలనిపించింది.

కొట్టలేదు. ఎందుకంటే ఒట్టి చేత్తో చూడమని మొదట చెప్పింది వాళ్లు కాదు, నువ్వు. నువ్వు ముప్పై ఏళ్లు చేయి పెట్టావు. నీ వేళ్లు పదీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. నాకు మాత్రం రెండేళ్లకే ఎందుకిట్లా అయింది? నేను చేతకానివాణ్ణా? లేక నువ్వు నేర్పేటప్పుడు ఏదైనా దాచుకున్నావా? తప్పు నాదేనేమో, సంతకం పెట్టి వచ్చేద్దాం అనుకుంటున్నాను. నువ్వేమంటావో చెప్పు.

నీ కొడుకు,
జాఫర్


ప్రొద్దుటూరు
మే 21

అన్నా, నేను ఫిర్దోస్‌ను. నాయన చెబుతుంటే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఒక్క మాట మార్చినా ఊరుకోనన్నాడు. ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతాను.

ఒరే జాఫరూ,

నీ ఉత్తరం నయీం నా చేతికే ఇచ్చినాడు. ఫిర్దోస్ కోసరం కాసుకోలేదు. ఈది మలుపులో నిలబడి నేనే చదువుకున్యా. అవును, నేనే. తొమ్మిదో తరగతి దాంక చదివినోన్ని. ఈ మాట ఇని నీ చెల్లెలు పెన్ను కింద పెట్టి నన్ను చూస్తాంది. రాయి మా, నిలపాకు.

నా కుడిచెయ్యి చచ్చిపోయి శానా ఏండ్లయింది రా. నీకు ఆరేండ్లప్పుడే. వేళ్లు ఊడిపోలేదు, అంతే తేడా. నిప్పు తగిలినా తెలీదు, పెన్ను పట్టుకుంటే జారిపోతాది. చెయ్యి పోయిందంటే సేటు పనిలోంచి తీసేస్తాడని, సంతకం అడిగినోళ్లకు చదువే రాదని చెప్పుకున్యా. రేషన్ అంగట్లో నేను వేలిముద్ర ఏస్తాంటే నువ్వు తల దించుకునేది నేను చూడలేదనుకున్యావా? మీ అమ్మకొక్కదానికే తెలుసు.

మరి ఐసు ఎట్ల చూస్తాంటినంటావా? చెవితో. కొక్కెంతో తట్టేది నువ్వు చూసినావు గదా, అదే చూసేది. ముదిరిన దిమ్మ గంట మాదిరి పలుకుతాది. నడుమ నీళ్లుంటే మొద్దుగా పలుకుతాది. తట్టినప్పుడే నాకు తెలిసిపోయేది. దాని తర్వాత చెయ్యి పెట్టేదంతా సేటు కోసరం ఏషం. ఆయప్పకు ఆ చెయ్యంటే గొప్ప. నువ్వు గూడా కండ్లింత చేసుకోని చూస్తాంటే, "ఇది ఉత్త నాటకం రా" అని చెప్పేకి నాకు నోరు రాల్యా. కన్న కొడుక్కు ఏషం నేర్పిచ్చి అసలు విద్య కడుపులో పెట్టుకున్యా. ఇట్లాంటి తండ్రి యాడన్నా ఉంటాడా? కోపమని రాసినావు. ఇంగా రాయల్ల. తిట్టల్ల.

కానీ ఒక మాట ఇను. నేను చేసిన తప్పుకు నువ్వు సంతకం పెట్టేదేంది? ఆ కంపెనీ తప్పుకు నువ్వు పెట్టేదేంది? నేర్పిచ్చింది నేనే, సరే. రెండేండ్లు పక్కన నిలబడి చూసినోళ్లకు కండ్లు ల్యావా? వాళ్లకాడ మిషన్లుండాయి, డాక్టర్లుండారు. వేలు తెల్లబడినాక గూడా "చెయ్యి పెట్టు" అన్నోన్ని ఏమనల్ల? నేను భయపడి దాచినా. వాళ్లు తెలిసి దాచినారు.

ఫ్యాక్టరీ మూసేసిన పొద్దు సేటు గూడా నా ముందర ఇట్లాంటి కాగితమే పెట్టినాడు. పనిలో నాకు ఏ దెబ్బా తగల్లేదని, ఏమీ అడగనని. గుమాస్తా నా బొటనవేలు పట్టుకోని సిరాలో అద్ది, వాడే ఒత్తినాడు. ఏముందో నేను మొత్తం చదివినా. చదువు రానోని మాదిరి నిలబడినా. అది ఈ పొద్దుకీ నాకు మింగుడు పడలేదు. నువ్వు పెట్టాకు. ఆర్నెల్లు పట్టనీ, ఏడాది పట్టనీ. ఆ టీవీలో బొమ్మ ఆడతాంది గదా, అది చూపించి అడుగు, గ్లౌజులు తియ్యమన్నోడు ఎవడని.

అన్నా, ఇక నా మాటలు. వేలిముద్ర వేయిస్తానంటే నాయన వద్దన్నాడు. రెండు అరచేతుల మధ్య పెన్ను ఇరికించుకుని తానే పెట్టాడు. కింద ఉన్న గీతలు ఆయన సంతకం. నేనూ ఇదే మొదటిసారి చూడడం.

అల్లాబక్ష్


జూన్ 2

నాయనకు జాఫర్ సలాం.

సంతకం పెట్టలేదు.

గడువు రోజు మేనేజరు ఎడమ చేత్తో పెట్టమని పెన్ను ఇచ్చాడు. కుదరకపోతే వేలిముద్ర చాలని సిరా డబ్బా కూడా తెప్పించి పెట్టాడు. ఆ సిరా చూడగానే నాకు ఒళ్లు తెలియలేదు. "కౌంటరు దాకా రండి" అని బయటికి తీసుకుపోయి, టికెట్ల కోసం నిలబడ్డ జనం ముందే టీవీ చూపించాను. "ఆ గ్లౌజులు తీయించిందెవరు?" అని అడిగాను. సాయంత్రానికి టీవీలోంచి నా చేయి మాయమైంది. అట్లా చేస్తారని తెలిసే ముందురోజే ఫోనులో రికార్డు చేసి పెట్టుకున్నాను. నీ కొడుకును కదా, కొంచెం దాచడం నాకూ వచ్చు.

ఆ వీడియోతో లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. ఎన్ని నెలలు పడుతుందో తెలియదు. రూములోవాళ్లు తిండికి లోటు రానివ్వడం లేదు. అమ్మకు అంతా చెప్పేశాను. ఏడ్చింది, తర్వాత మేనేజరును తిట్టింది, తర్వాత నిన్ను తిట్టింది.

నీ మీద కోపం ఇంకా పోలేదు. దాచినందుకు కాదు. నాకు అన్నం కలిపి పెట్టిన చేతికి వేడి తెలియదని ఇన్నేళ్లు నాకు తెలియనివ్వలేదు చూడు, అందుకు. ఆ సంగతి కనిపెట్టలేనందుకు నా మీద కూడా అంతే కోపం. మనిద్దరం ఎదురెదురుగా కూర్చుని దాన్ని తేల్చుకోవాలి.

ఆ కొక్కెం అటక మీద ఉంటుంది, దించి తుప్పు గీకించు. నేను దిగిన రోజు ఎక్కడినుంచైనా ఒక దిమ్మ తెప్పించు. నువ్వు తట్టు, నేను వింటాను. చేయి మాత్రం ఇద్దరిలో ఎవరమూ పెట్టొద్దు.

ఎడమ చేతి సంతకంతో,
జాఫర్