గేటు దగ్గర ఆగని కారు

చెల్లీ,

నిన్నటి నుంచి నువ్వు ఫోను ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాను. నిన్న నువ్వు చెయ్యెత్తినా మా కారు మీ గేటు ముందు ఆగలేదు. పొగరనుకోకు, అది పొగ గొడవ.

మీ బావ కారును ఎప్పుడూ కూరగాయల కొట్టుదాకానే తిప్పుతారు. ఇంజను సరిగ్గా వేడెక్కక, పొగను వడపోసే ఫిల్టరు మసితో పూడుకుపోయి స్టీరింగు ముందు హెచ్చరిక దీపం వెలిగింది. "పెద్దరోడ్డెక్కి జోరుగా పోనివ్వండి. ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది. దీపం ఆరేదాకా ఆపొద్దు" అన్నాడు మెకానిక్. పెద్దరోడ్డంటే మీ ఇంటి ముందుదే కదా.

నిన్ను చూడగానే "ఆపండీ, ఏడాది తర్వాత పలకరిస్తోంది" అన్నాను. "ఇప్పుడాపితే పని సగంలో పోతుంది" అన్నారు మీ బావ.

దీపం ఆరగానే వెనక్కి వచ్చాం. మీ గేటుకు తాళం. మళ్ళీ అలిగావనుకుని ఏడుపుముఖం పెట్టాను. మీ పక్కింటావిడ నవ్వింది. "మిమ్మల్ని పట్టుకోవాలని స్కూటరేసుకుని వెనకాలే వచ్చిందండీ. చెప్పులైనా వేసుకోలేదు."

నీకోసం కాసేపు చూసి బయల్దేరాం. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. మన గొడవ ఎందుకొచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆదివారం వస్తున్నాం. ఇంజను ఆపగానే తాళంచెవి నీ చేతిలో పెడతాను. మీ బావ ఎంత అడిగినా చీకటిపడేదాకా ఇవ్వకు.

నీ అక్క