మోకాళ్ల మందు

తోటపల్లి గూడూరు,
ఫిబ్రవరి, 1962.

ప్రియమైన భర్త సమాధానం గారికి మీ ఎస్తేరు వందనాలు.

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ రాసే మాటే అయినా, ఈసారి లేచి వెళ్లి ఇంట్లో ఒక్కొక్కరినీ చూసొచ్చి మరీ రాస్తున్నాను, కాబట్టి నమ్మండి. అక్కడ అస్సాం చలిలో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. మీరు పంపిన కంబళి అందింది. అత్తయ్య దాన్ని కప్పుకోవడం లేదు. కొడుకు పంపింది మాసిపోతుందని పెట్టెలో పెట్టి, తాళం వేసి, ఆ పెట్టె పక్కనే వణుకుతూ పడుకుంటున్నారు. చేలో మొలగొలుకుల వరి కోతకు వచ్చింది. గేదె ఈనింది. పెయ్యదూడ పుట్టాలని అందరం ప్రార్థన చేశాం, దున్నదూడ పుట్టింది. మన చిన్నది కరుణాకుమారికి ముందు పళ్లు రెండూ ఊడాయి, అయినా వాగుడు తగ్గలేదు. మీ మోకాళ్ల మందు సీసా భద్రంగా ఉందా అని అడిగారు. సీసా భద్రంగానే ఉంది. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇక అసలు సంగతి. డీకన్ జయరామయ్య గారు "మీ ఇంట్లో తాగుడు ప్రవేశించింది, విచారించుకో" అని మీకు కార్డు రాశారట. తాగింది ఎవరో వెంటనే రాయమని మీరు పట్టుబట్టారు. సంఘం తీర్పు ప్రకారం తాగింది నేను. అదే ఉత్తరంలో మన హెబ్రోనును జూన్‌లో బైబిలు ట్రైనింగుకు పంపుతానని మీ పల్టను పాదిరిగారికి మాటిచ్చినట్టు కూడా రాశారు. ఈ రెంటికీ సంబంధం ఉంది. ఆ మాట నిలబెట్టుకోవాలో వెనక్కి తీసుకోవాలో ఇదంతా చదివాక మీరే తేల్చుకోవాలి. మొదటినుంచీ చెబుతాను. మధ్యలో లేచి అరవకండి, చుట్టూ సిపాయిలుంటారు.

హెబ్రోనుకు భక్తి ముదిరిందని వానాకాలంలో రాసింది నేనే. అప్పుడు నేను అబద్ధం రాయలేదు. పదహారేళ్లవాడు, నీళ్లు చల్లితే తప్ప మంచం దిగనివాడు, "అమ్మా, గుడి ఊడ్చొస్తా" అని తనంతట తానే చీపురు పట్టుకుంటే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? పాస్టరు అయ్యగారి అబ్బాయి, పక్కింటి రాఘవమ్మ కొడుకు, ఆదెయ్య గారి కొడుకు వాడికి తోడు. నలుగురూ సాయంత్రం వెళ్లి చీకటి పడే వేళకు పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్లు. ఆ పాటల్లో కొన్ని కీర్తనల పుస్తకంలో లేవని కరుణాకుమారి చెప్పింది. దానికి పుస్తకమంతా నోటికి రాదులే అనుకున్నాను. మన గుడి ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఎసట్లో బియ్యం ఉడికేలోపు ఊడ్చెయ్యొచ్చు. ఆ మాత్రం ఆలోచన నాకు రాలేదు. మీరేమో నా ఉత్తరం చూసుకుని మురిసిపోయి, పల్టనంతా చెప్పుకుని, పాదిరిగారి దాకా పోయారు.

ప్రభు సంస్కారానికి ద్రాక్షరసం కాచే పని స్త్రీల సమాజం వాళ్లు నాకు అప్పగించారు కదా. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, వడగట్టి, పొంగు వచ్చేదాకా కాచి చల్లార్చాలి. అత్తయ్య తన రోజుల్లో అలాగే చేసేవారు. నవంబరులో ముసురు పట్టి కట్టెలన్నీ తడిసిపోయాయి. ఊదీ ఊదీ నా రొమ్ము నొప్పి పుట్టిందే గాని పొయ్యి అంటుకోలేదు. కానా ఊరి పెళ్లిలో నీళ్లను ద్రాక్షరసం చేసిన ప్రభువు మాత్రం కాచి పోశాడా అనుకుని, పచ్చిరసంలోనే తాటిబెల్లం ముక్కలు వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టి గుడి బీరువాలో పెట్టించాను. మాటిమాటికీ ఎండుద్రాక్ష కోసం నెల్లూరు బస్సెక్కడం ఎందుకని, సంక్రాంతి దాటేదాకా సరిపోయేంత ఒకేసారి చేశాను.

కొన్నాళ్లకు కరుణాకుమారి పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, బీరువాలో జాడీ గుసగుసలాడతా ఉండాది!" అంది. దేవుడి రసం కదా, మహిమ ఉంటుందిలే అని సర్దిచెప్పాను.

డిసెంబరు సంస్కారం నాడు మిగిలిన రసాన్ని ఆచారం ప్రకారం పెద్దలే తాగారు. పెద్దలంటే డీకన్ జయరామయ్య గారే. ఆయన నవ్వడం మీరెప్పుడైనా చూశారా? ఆరోజు గుడి మెట్ల మీద నిలబడి, ఎవరూ ఏమీ అనకుండానే నవ్వారు. "ఎస్తేరమ్మా, రసం కాస్తే నువ్వే కాయాల. నీ చేతిలో ఏందో ఉండాదమ్మా" అన్నారు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. ఇంక కట్టెలు ఎండినా సరే, కాయనే కూడదనుకున్నాను.

జనవరి సంస్కారం వచ్చింది. అయ్యగారు ఆరోజు తాగుడు ఎంత పాపమో గంటసేపు ప్రసంగం చేశారు. కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ప్రసంగం అయ్యాక బల్ల మీద జాడీ వంచితే రెండు గింజలు రాలి గిన్నెలో పడ్డాయి. ఇంకేమీ రాలేదు. జయరామయ్య గారు లేచి జాడీలో ముక్కు పెట్టి చూశారు.

"ఇది రసం కాదు అయ్యగారూ, సారా కంపు కొడతా ఉండాది!" అన్నారు. డిసెంబరులో తాను నవ్విన నవ్వు ఆయనకు గుర్తు రాలేదు.

అయ్యగారి మొహం ఎర్రబడింది. "ప్రభువు బల్ల మీద దొంగతనం చేసినోళ్లు తమంతట తామే లేచి నిలబడండి. లేకపోతే పిల్లకాయల్ని ఒక్కొక్కరినే పిలిచి అడుగుతా. అబద్ధం చెప్పినోణ్ణి సంఘంలోనుంచి తీసేస్తా" అన్నారు.

నేను మగవాళ్ల వైపు చూశాను. మన హెబ్రోను తల వంచుకుని ఉన్నాడు. చెవులు మాత్రం పండుమిరపకాయల్లా ఉన్నాయి. వాడు చిన్నప్పుడు మీగడ దొంగిలించినా అంతే, నోరు ఒప్పుకోకపోయినా చెవులు ఒప్పుకునేవి. వాళ్లు ఇన్నాళ్లూ ఊడ్చింది దేన్నో నాకప్పుడు తెలిసింది. నా కాళ్లు నన్ను అడగకుండానే లేచాయి.

"నేనే అయ్యగారూ. రుచి చూస్తా చూస్తా అంతా తాగేసినా" అన్నాను.

అంతలో రాఘవమ్మ లేచింది. "ఎస్తేరమ్మొక్కటే జాడెడు రసం ఎట్టా తాగుద్దండీ? నేనూ తాగినా" అంది. దాని వెనకాలే ఆదెయ్య గారి భార్య లేచి, "నేనూ, నేనూ" అంది, పెళ్లిలో పప్పు అడిగినట్టు. అయ్యగారికి దిక్కు తోచక, మీరైనా చెప్పండి అన్నట్టు తన భార్య వైపు చూశారు. అమ్మగారు కొంగు సర్దుకుని నిదానంగా నిలబడ్డారు. "నాక్కూడా ఒక గ్లాసు పోసినారండీ" అన్నారు.

అయ్యగారు వెంటనే ఆశీర్వాదం చెప్పేశారు. ముగింపు పాట కూడా పాడలేదు.

పెద్దలు కూర్చుని మా నలుగురినీ మూడు నెలలు సంస్కారానికి దూరం పెట్టారు. అందులో అమ్మగారు కూడా ఉన్నారు కాబట్టి తర్వాత రెండు నెలలకు తగ్గించారు. ఇప్పుడు నేను బావి దగ్గరికి వెళ్తే, "జారుద్ది ఎస్తేరమ్మా, పదిలం" అని మునెయ్య భార్య నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆరోజు ఇంటికొచ్చాక హెబ్రోను నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. మొదట తియ్యగా ఉందని తాగారట. తర్వాత తల తిరుగుతుంటే సరదాగా ఉందని తాగారట. ఆ తర్వాత సాయంత్రమయితే తాగకుండా ఉండలేకపోయారట. ఇంక ముట్టనని బైబిలు మీద చెయ్యి వేశాడు. నేను నమ్మాను. నలుగురు తల్లులమూ నమ్మాం. మా పిల్లల్ని కాపాడుకున్నామని గొప్పగా కూడా అనుకున్నాం.

ఇంతవరకూ రాయడం సులువే. దీని తర్వాతిది రాయలేక నాలుగు వారాలుగా మీకు ఉత్తరమే రాయలేదు. ఒళ్లు బాగాలేదని అత్తయ్య చేత కార్డు రాయించింది అందుకే.

జాడీ అయిపోయింది గాని వీళ్లకు పట్టిన రుచి పోలేదు. ఏం చేసినా అమ్మలు అడ్డం నిలబడతారని కూడా తెలిసిపోయింది. ఒక శనివారం కాలువ గట్టు తాటితోపుల్లో దొంగసారా కాచేవాళ్ల దగ్గరికి పోయారు. నిషేధం ఉన్న జిల్లాలో చాటుగా కాచే సారాలో ఏం కలుపుతారో కలిపేవాడికే తెలియాలి. మిగతా ముగ్గురూ రెండు గుక్కలకే కక్కేశారు. మనవాడు పౌరుషానికి గ్లాసు ఖాళీ చేశాడు. ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకున్నాడు.

మరునాడు మిట్టమధ్యాహ్నం లేచి మంచం మీద కూర్చున్నాడు. "అమ్మా, ఇంత చీకటైతే లాంతరు ముట్టించలేదేందిమా?" అన్నాడు. వాకిలంతా ఎండ. వాడి మొహం మీద కూడా ఎండ పడుతోంది. నేను వాడి కళ్ల ముందు చెయ్యి ఆడించాను. వాడు నా చేతిని చూడలేదు.

ఏమండీ, నేను లేచి నిలబడకపోయుంటే ఆ ఆదివారమే వీడు పట్టుబడేవాడు. నాలుగు దెబ్బలు తినేవాడు, నలుగురిలో తల వంచుకునేవాడు, అంతటితో పోయేది. నా ప్రేమే వాణ్ణి కాలువ గట్టుకు దారి పట్టించింది. రసం కాచకపోవడం చిన్న తప్పు, ఇది పెద్దది.

బండి కట్టింది జయరామయ్య గారు. ఏమైందని ఒక్క మాట అడగలేదు. నెల్లూరు బస్సు దాకా తోలి, ఆసుపత్రి దాకా మాతో వచ్చి, వాడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. మీకు కార్డు రాసింది ఆ తర్వాతే. ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఆసుపత్రిలో వారం పైన ఉన్నాం. నేను పగలూ రాత్రీ దేవుణ్ణి అడిగిన మాట ఒక్కటే, ఇంకేమీ అడగలేదు. ఒక పొద్దున వాడు నావైపు తిరిగి, "అమ్మా, నీ చీర చిరిగింది" అన్నాడు. చిరిగిన చీర కట్టుకున్నందుకు నా జన్మలో అంత సంతోషించింది లేదు.

ఇప్పుడు చూపు బాగుంది. పరీక్షలకు చదువుకుంటున్నాడు. రోజూ చిన్న అక్షరాలు చదివించి, ఎక్కడైనా మసకేస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు డాక్టరు. మనింట్లో అన్నిటికంటే చిన్న అక్షరాలు బైబిలులోనే ఉన్నాయి. అందుకని రోజూ అరుగు మీద కూర్చోబెట్టి పైకి చదివిస్తున్నాను. దారిన పోయేవాళ్లు, "అబ్బ, ఏం భక్తి!" అంటున్నారు. నేను ఏమీ అనడం లేదు. ఇదివరకు ఒకసారి అని అనుభవించాను కదా.

మీ సీసా సంగతి బాకీ ఉంది. అత్తయ్య మోకాళ్లు పట్టేశాయంటే మొన్న మీ ట్రంకులో బట్టల మడతల కింద ఉన్న సీసా తీసి, అందులోది పూశాను. కాసేపటికి అత్తయ్య కేకలు. చూస్తే మోకాళ్ల నిండా చీమలు. నాలుక మీద వేసుకుని చూశాను. టీ డికాషను. చక్కెర కూడా వేసినట్టున్నాడు. హెబ్రోనును పిలిచాను. చెవులు ఎర్రబడ్డాయి.

"జాడీ కంటే ముందు ఇదే తాగినా అమ్మా" అన్నాడు.

"అది నాయన మోకాళ్లకు పూసుకునే మందురా!" అన్నాను.

"నాయన మోకాళ్లకు నోట్లోనుంచి పూసుకుంటాడు మా. పోయిన సెలవుల్లో చూసినా" అన్నాడు.

నేను మిమ్మల్ని నిలదీయడం లేదు అని రాద్దామనుకున్నాను. కానీ నిలదీస్తున్నాననే అనుకోండి. "మిలిటరీ వాళ్లిచ్చే రమ్ము నాకు అక్కర్లేదు, తోటివాళ్లకు ఇచ్చేస్తున్నాను" అని మీరు ప్రతి ఉత్తరంలో రాస్తారు కదా. వాడు నాతో అబద్ధాలాడాడు, నేను సంఘంతో అబద్ధమాడాను, మీరు మోకాళ్ల పేరు చెప్పారు. ఈ ఇంట్లో ఇంతవరకూ నిజం చెప్పినవి చీమలొక్కటే.

ఏప్రిల్ సెలవులో వాణ్ణి కొట్టాలనే మీరు వస్తారు. మీ కోపం నాకు తెలుసు. చెయ్యి ఎత్తేముందు ఆ డికాషను సీసా మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. వాడు తన సంగతి చెబుతాడు, మీరు మీది చెప్పండి. పాదిరిగారికి ఇచ్చిన మాట మాత్రం ఇప్పుడే వెనక్కి తీసుకోండి. భక్తి అని నేను రాసింది తప్పని చెప్పండి, తప్పు నా మీదే వెయ్యండి, ఇప్పటికే చాలా మోస్తున్నాను. వాడికి బోధ చెయ్యాలనిపిస్తే ఎప్పుడో ఒకనాడు వాడే అడుగుతాడు. ఈసారి ట్రంకులో మందు తేవద్దు. మోకాళ్లు నొప్పి అంటే నువ్వులనూనె వెచ్చబెట్టి ఉంచుతాను. అది బయటినుంచే పూసుకోవాలి.

ఈ పొద్దు బైబిలుకు బదులు ఈ ఉత్తరమే వాడి చేతికిచ్చి చదవమన్నాను. మీకు ఏం రాశానో వాడికీ తెలియాలి కదా. అరుగు మీద కూర్చుని, నాకు మాత్రమే వినపడేట్టు చదివాడు. జయరామయ్య గారి నవ్వు దగ్గర తానూ నవ్వాడు. లాంతరు మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. "ఏందిరా, కనపడలేదా?" అన్నాను.

"కనపడతానే ఉండాదమ్మా" అన్నాడు.

ఇట్లు,
ఇంకొన్నాళ్లు సంస్కారానికి దూరంగా,
మీ రాకకు మాత్రం ఎదురుచూస్తూ,
మీ భార్య
ఎస్తేరమ్మ.