గోడ పైన సందు

మంగళవారం రాత్రి, అనంతగిరి

కిటికీ మూసినా, తలుపు కింద పాత చీర దోపినా ఈ లైను ఇంట్లో చలి ఆగేది కాదు. పోయిన శనివారం అగరుబత్తి వెలిగించి గదంతా తిప్పితే, అటక దగ్గర పొగ వణికింది. సామాన్లు జరిపి చూస్తే పక్క గదికీ మాకూ మధ్యనున్న గోడకీ రేకులకీ నడుమ జానెడు సందు. మా ఆయన గోనెసంచులు కుక్కి మట్టి మెత్తారు. గది వెచ్చబడింది, పాప దగ్గు తగ్గింది. ఎంత మురిసిపోయానో!

పక్క గదిలో ఒంటరిగా ఉండే మరియమ్మ మామ్మ రోజూ రాత్రి "గుంట తొంగుందేటమ్మా?" అంటూ పాప పడుకుందో లేదో కేకేసి అడిగేది. ఆ మాట గోడ దాటి ఎలా వస్తోందో ఒక్కనాడూ ఆలోచించలేదు. శనివారం నుంచి అది వినబడకపోతే, చలికి పెందలాడే పడుకుంటోందనుకున్నాను.

ఈ ఉదయం టీ ఇవ్వడానికి వెళ్తే మామ్మ నేల మీద పడి ఉంది. రాత్రి కాలు జారిందట. తుంటి విరిగిందన్నారు ఆసుపత్రిలో.

"నన్ను పిలవొచ్చు కదా మామ్మా!" అని కోప్పడ్డాను కూడా.

"రేతిరంతా పిలిసినానమ్మా. గుంటని సూసుకుని అలిసిపోయి తొంగున్నావనుకున్నాను" అంది.

సందు మూసేశామని మామ్మకి చెప్పకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి, ఆ సంచులు తీసేయమని ఈయనతో గొడవపడ్డాను. పాప దగ్గు మళ్ళీ మొదలవుతుందన్నారు. నిజమే. మామ్మ ఆసుపత్రిలో ఉంది, ఆ గది ఇప్పుడు ఖాళీ. సందు తెరిచినా, అటునుంచి వచ్చేది చలిగాలి ఒక్కటే.