ఒక్క బొమ్మ తప్పు గీశావు

చిట్టీ,

నీ బొమ్మల నవల మీ అత్త తెచ్చిచ్చింది. ఇంగ్లీషు చదవడం నావల్ల కాదు, బొమ్మలే చూశాను. ఆకాశం దిగులుగా కనపడాలని నీలంలో చుక్క నలుపు కలిపావు. గోడలకి రంగులేసేటప్పుడు నేను చేసే పనే అది. నిన్ను నిచ్చెన దగ్గరికే రానివ్వలేదు కదే, ఎప్పుడు చూశావు?

ఆడపిల్లకి ఈ పనేంటని నీ కుంచెలు విరిచింది నేనే. తప్పే చేశాను. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

నీ నవల్లో ఊరందరినీ కాపాడిన ఆ ఎగిరే మొనగాడు, చివరికి కిటికీలోంచి తండ్రిని చూసి, తలుపు కొట్టకుండానే వెళ్లిపోతాడు. ఆ ముసలాణ్ణి వీధికి వీపు పెట్టి కూర్చోబెట్టావు. అదొక్కటే తప్పు. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచీ నా కుర్చీ వీధివైపే ఉంది.

మీ నాన్న